సొంతవాళ్లకు స్టాంపు పడదు

పోయిన వారం మనం కుదరదమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, మూత తీసిన పెన్ను చేతిలో ఉండగానే వదిలేసి వచ్చాం. పాపం, ఆమె ఇంకా అలాగే ఉంది. సోమవారం ఉదయం పదకొండు. ఎదురుగా విప్పిన రిజిస్టరు. బల్లకి అవతల, పోయిన లైసెన్సు గురించి అఫిడవిట్ చేయించుకోవడానికి వచ్చిన వ్యాను డ్రైవరు. శనివారం సాయంత్రం ఆమె రాసిన చివరి నంబరు రెండు వందల పదమూడు. ఇప్పుడు దాని కింద రెండు వందల పద్నాలుగు కూడా ఉంది. అది ఆమె రాయలేదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. కుదరదమ్మ అన్నది ఆమె పేరు కాదు, వీధి పెట్టిన పేరు. ఆమె నోటరీ. "మా ఆవిడ రాలేకపోయిందండీ, సంతకం ఇంట్లోనే పెట్టేసింది" అంటే కుదరదు. "గుర్తింపు కార్డు మర్చిపోయాను, నా మొహం చూడండి చాలదా" అంటే కుదరదు. "పాత తేదీ వెయ్యండి, ఎవరు చూడొచ్చారు" అంటే అసలే కుదరదు. పదిహేడేళ్లుగా ఒకటే మాట. జనం తిట్టుకుంటూ వెళ్తారు, మళ్లీ ఆమె దగ్గరికే వస్తారు. ఎందుకంటే కుదరదమ్మ స్టాంపు ఉన్న కాగితాన్ని ఏ ఆఫీసులోనూ తిప్పి చూడరు.

ఆమెకంటే ముందు ఆ గదిలో నోటరీ ఆమె తండ్రి. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఇంటి ముందుగది ఆఫీసు, దాని వెనక తలుపు తీస్తే వంటిల్లు, వంటింట్లో తల్లి. కూతురు, తల్లి, ఇద్దరే ఉంటారు ఆ ఇంట్లో.

శనివారం మధ్యాహ్నం తమ్ముడు ఒక కాగితం పట్టుకొచ్చాడు. 'నా కొడుకు, కోడలు, మనవరాలు మూడేళ్లుగా ఈ ఇంట్లో నాతో పాటే ఉంటున్నారని ప్రమాణం చేసి చెబుతున్నాను' అని తల్లి పేరున రాసిన కాగితం. ఈ పేటలో ఒక మంచి బడి ఉంది. మూడేళ్లుగా ఈ పేటలో ఉంటున్నవాళ్ల పిల్లల్నే చేర్చుకుంటారు. తమ్ముడు ఉండేది నగరానికి ఆ చివర, రెండు బస్సులు మారాలి. కుదరదమ్మ కాగితం చదివి, మడిచి, వెనక్కి ఇచ్చింది. ఇది అబద్ధం, కుదరదు అంది. ఒకవేళ నిజమే అయినా, కన్నతల్లి కాగితానికి కూతురు స్టాంపు వెయ్యకూడదు, అదీ కుదరదు అంది. తమ్ముడు మొదటి మాటకి ఏమీ అనలేదు. రెండో మాటకి మాత్రం ఇంతెత్తున లేచాడు. ఎంత లేచినా చివరికి కాగితం జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. అక్కడితో అయిపోయింది అనుకుంది ఆమె. ఎంత అమాయకత్వం!

ఇప్పుడు రిజిస్టరులో రెండు వందల పద్నాలుగో గడిలో గుండ్రటి అక్షరాలు. 'నివాస ప్రమాణం.' కాగితం ఇచ్చినవారి సంతకం, తల్లిది. నోటరీ సంతకం, అచ్చం తనది. గీత తప్పలేదు, గడి తప్పలేదు, తేదీ కూడా పద్ధతిగా అడ్డగీతలతో వేసి ఉంది.

ఆ గుండ్రటి అక్షరాలు ఎవరివో ఆమెకి తెలియక కాదు. ఇన్నాళ్లూ సామాన్ల చీటీల మీద చూస్తున్నవే.

"మేడం, నాది?" అన్నాడు డ్రైవరు.

"పది నిమిషాలు బయట బెంచీ మీద కూర్చోండి."

"చిన్న పనే కదా మేడం, ఒక్క స్టాంపు..."

"ఒక్క స్టాంపు అనకండి నా దగ్గర!" అని అరిచేసింది. డ్రైవరు బిత్తరపోయి లేచాడు. ఆమె వీధి తలుపు దగ్గరగా వేసి, రిజిస్టరు చంకలో పెట్టుకుని, వెనక తలుపు తోసింది.

తల్లి వంటింటి కిటికీ దగ్గర కూర్చుని చొక్కాకి గుండీ కుడుతోంది. మగవాడి చొక్కా. ఈ ఇంట్లో మగవాళ్లు లేరు కాబట్టి అది కొడుకుది అని వేరే చెప్పక్కర్లేదు.

"అమ్మా, నువ్వు నా రిజిస్టరు ముట్టుకున్నావా?"

"ముట్టుకోకుండా ఎలా రాస్తారే?" అంది తల్లి, సూది మీంచి చూపు తియ్యకుండా.

 కాదంటుందనుకుంది కుదరదమ్మ. కనీసం తడబడుతుందనుకుంది. దానికి తగ్గట్టు మాటలు కూడా సిద్ధం చేసుకుని వచ్చింది. అవన్నీ వృథా అయ్యాయి.

"ఎప్పుడు?"

"నిన్న నువ్వు ఇస్త్రీ బట్టలు తేవడానికి వెళ్లావు చూడు, అప్పుడు. పావుగంట పని."

"అల్మారా తాళం?"

"గోడ గడియారం వెనక. మీ నాన్నగారు అక్కడే పెట్టేవారు, నువ్వూ అక్కడే పెడతావు. దాచుకునేవాళ్లు చోటు మార్చుకోవద్దూ?"

"స్టాంపు వాడు వేశాడా?"

ఆ మాటకి తల్లి తలెత్తింది. ఆవిడ మొహంలో మొదటిసారి కాస్త కోపం కనబడింది. "వాడా? వాడికేం చేతనవుతుంది? ప్యాడు మీద గట్టిగా అదుముతాడు, సిరా ఎక్కువై అక్షరాలన్నీ అలుక్కుపోతాయి. నేనే వేశాను. మీ నాన్నగారు సంతకం పెట్టేవారు, స్టాంపు నేను వేసేదాన్ని. ఇరవై ఎనిమిదేళ్లు వేశాను. ఆయన వేస్తే ఎప్పుడూ తలకిందులే. ఒక్కసారైనా నాది వంకర పడిందేమో చూడు, ఆ రిజిస్టర్లన్నీ లోపలే ఉన్నాయి."

కుదరదమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది.  ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంటిదొంగని పట్టుకున్నా లాభం లేదు, దొంగతనం ఎంత చక్కగా చేశానో చూడమంటోంది!

"సంతకం? నా సంతకం ఎవరు పెట్టారు?"

తల్లి గుండీ చుట్టూ దారం చుట్టింది.

"అమ్మా!"

"నేను పెట్టలేదు. ఒకరి సంతకం ఇంకొకరు పెట్టడం తప్పు. ఆ మాత్రం నాకు తెలుసు."

"అంటే వాడు పెట్టాడు."

"వాడికి నీ సంతకం నేర్పింది ఎవరే? చిన్నప్పుడు వాడి మార్కుల కార్డు మీద నాన్నగారి బదులు నువ్వేగా నీ సంతకం పెట్టేదానివి. తిడతారని, వాడిని వెనకేసుకొచ్చి. నువ్వు ఊళ్లో లేనప్పుడు వాడే నీలా పెట్టుకునేవాడు. వేళ్లకి అలవాటు."

ఆమెకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పదేళ్ల పిల్లాడి లెక్కల మార్కుల మీద జాలిపడి పెట్టిన సంతకం, ముప్పై ఏళ్ల తర్వాత ఇలా వచ్చి మెడకి చుట్టుకుంటుందని ఎవరనుకుంటారు?

"అసలు ఆ గడియారాల కొట్టు మేడ మీద నోటరీ ఉన్నాడుగా. అక్కడికి వెళ్లొచ్చుగా! నేను కుదరదన్నాను, ఆయన కుదురుతుంది అనేవాడేమో."

"వెళ్లాం."

"ఎప్పుడు?"

"శనివారం సాయంత్రమే తీసుకెళ్లాడు వాడు. మెట్లెక్కి వెళ్లాను. ఆయన వాణ్ణి బయటికి పంపేసి, నన్ను నించోబెట్టి, 'నేను చెప్పేదంతా నిజం' అనమన్నాడు." తల్లి చొక్కా ఒళ్లో పెట్టేసుకుంది. "నా వల్ల కాలేదే. నోరు పెగల్లేదు. ముక్కూ మొహం తెలియని మనిషి ముందు నించుని అంత అబద్ధం ఎలా చెప్పను? కాలు నొప్పిగా ఉందని చెప్పి వచ్చేశాను."

"మరి ఇక్కడ ఎలా చెప్పావు?"

"ఇక్కడ ఎవరికి చెప్పాను? ప్రమాణం చేయించేవాళ్లు ఎవరున్నారు ఇక్కడ? కాగితం మీద నా పేరు రాసుకున్నాను, స్టాంపు వేసుకున్నాను. ఇది ఇంట్లో పని. నేను ఎవరి మొహం చూసీ అబద్ధం ఆడలేదు."

ఆవిడ నిజంగానే అలా నమ్ముతోంది. అదే కుదరదమ్మని ఎక్కువ కాల్చింది. బుకాయిస్తుంటే గద్దించవచ్చు. ఏడుస్తుంటే ఓదార్చవచ్చు. పరాయివాడి ముందు ప్రాణం పోయినా అబద్ధం చెప్పలేని మనిషి, కూతురి స్టాంపుని ఇంట్లో అట్లకాడ కింద జమకట్టి వాడేసుకుంటే ఏం చెయ్యాలి?

ఫోను తీసి తమ్ముడికి చేసింది. "ఎక్కడున్నావు?"

"బడి దగ్గరే అక్కా! ఇప్పుడే ఇచ్చేశాను కాగితాలన్నీ. వస్తున్నా, అయిదు నిమిషాలు."

ఎంత హుషారు! ఆ గొంతు వినగానే ఆమెకి ఒళ్లు మండిపోయింది.

అతను అయిదు నిమిషాల్లోనే వచ్చాడు. వెనక సందులోంచి వంటింట్లోకి వచ్చి, చేతిలో మిఠాయి పొట్లం గూట్లో పెట్టి, అక్క మొహం చూసి, మళ్లీ పొట్లం చేతిలోకి తీసుకున్నాడు.

"అమ్మ చెప్పేసిందా?"

"నా సంతకం పెట్టావురా?"

"పెట్టాను." అతను చెప్పులు విప్పుతూ అన్నాడు, అదేదో నీళ్లు పెట్టాను అన్నట్టు. "నిన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక. నువ్వు రూలు అన్నావు. సరే, నీ రూలు నువ్వు తప్పలేదు. చేసిందంతా మేము. నీ చేతికి మట్టి అంటలేదుగా!"

"కింద ఉన్నది నా పేరు! స్టాంపు మీద ఉన్నది నా నంబరు!"

"అక్కా, నీకో దండం. కత్తిపీట ఇంట్లో పెట్టుకుని కూర తరగనంటే ఎలా? వీధిలో పోయే ప్రతివాడికీ వేస్తావు. మేము పరాయివాళ్లమా?"

"కాదు! అదే చెబుతున్నా! కాదు కాబట్టే!" ఆమె గొంతు తనకే వింతగా వినబడింది. "శనివారం చిలక్కి చెప్పినట్టు చెప్పాను. మళ్లీ చెబుతా, విను. బయట బెంచీ మీద ఒక డ్రైవరు కూర్చున్నాడు. అతనికి నేను అక్కని కాను, పిన్నిని కాను, ఏమీ కాను. అతని లైసెన్సు దొరికినా దొరక్కపోయినా నాకు ఒరిగేది లేదు. అందుకే నా స్టాంపుని నమ్ముతారు. నువ్వు నా తమ్ముడివి. నువ్వు మునిగితే నేను మునుగుతాను. మునిగేదాని మాట ఎవరు నమ్ముతారురా?"

"నమ్మారుగా. బడివాళ్లు చూడగానే, ఓ, ఈవిడదా అన్నారు."

ఇది విన్నాక ఇంక ఏం మాట్లాడాలి! ఆమె రెండు చేతుల్తో మొహం రుద్దుకుంది. పదిహేడేళ్లు వందలమందికి కుదరదు కుదరదు అని చెప్పి, తిట్లు తిని, ఎక్కించుకున్న నమ్మకం అది. దాన్ని వీడు బస్సు టిక్కెట్టులా చించి వాడేశాడు.

"పక్క పేటలో ఒకాయన బావమరిది కాగితానికి స్టాంపు వేశాడు. తెలుసుగా నీకు? కాగితంలో ఉన్నది అక్షరాలా నిజం. అయినా నోటరీగిరీ పోయింది. ఇప్పుడు ఫొటోకాపీ కొట్టు పెట్టుకున్నాడు. మరి ఇది? అబద్ధం, దొంగ సంతకం, అన్నీ కలిపి. కంచే చేను మేసిందని వీధి వీధంతా నవ్వుతుంది."

"ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసింది!"

 అతను గుమ్మంలో చతికిలబడ్డాడు. హుషారంతా ఎక్కడికో పోయింది. నేలకేసి చూస్తూ అన్నాడు. "నీ మేనకోడలు మొన్న ఒక్క మాట చెప్పడానికి ఎంతసేపు తీసుకుందో తెలుసా? మంచినీళ్లు అడగాలి. మ, మ, మ అంటూ ఆగిపోయింది. చివరికి లేచి వెళ్లి తనే తెచ్చుకుంది. మా దగ్గర బడిలో మిగతా పిల్లలు అది నోరు తెరిస్తే చాలు, వెక్కిరిస్తారు. ఇప్పుడు నోరు తెరవడమే మానేసింది. ఈ బడిలో మాట దిద్దే టీచరు ఉంది. వారానికి మూడు రోజులు. నగరం మొత్తంలో ఇలాంటిది ఇదొక్కటే. నేను ఏం చెయ్యను, చెప్పు?"

 ఆ పిల్ల అంటే కుదరదమ్మకి ప్రాణం. ఫోనులో ఆ పిల్ల మాట కోసం ఆగి ఆగి, తొందరపెట్టకుండా, అవతల ఊపిరి వింటూ కూర్చోవడం ఆమెకి అలవాటే. కానీ జాలి వేరు, సంతకం వేరు. ఈ తేడా ఈ ఇంట్లో తనొక్కదానికే కనిపిస్తున్నందుకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపు కూడా కోపంగానే వచ్చింది.

"శనివారం ఈ ముక్క ఎందుకు చెప్పలేదు? బడి పెద్దావిడ దగ్గరికి నేను వచ్చేదాన్ని. పిల్లని చూపించి, ఉన్నదున్నట్టు చెప్పి, కాళ్లు పట్టుకోమంటే పట్టుకునేదాన్ని. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తారు కదరా ఇద్దరూ!"

"నువ్వు కుదరదు అన్నాక నీకింక ఏం చెప్పాలనిపిస్తుంది ఎవరికైనా?"

ఆ మాట సూటిగా తగిలింది. అతనే ఇంకో మాట అన్నాడు, మెల్లిగా, తప్పించుకోలేక అన్నట్టు.

"ఇంకోటి ఉంది. చెబితే తిడతావు."

"ఇంకా తిట్లు మిగిలాయా నా దగ్గర? చెప్పు."

"పన్నెండింటికి వాళ్ల గుమస్తా వస్తాడు. ఇచ్చిన కాగితాల నంబర్లు నోటరీల రిజిస్టర్లలో ఉన్నాయో లేదో చూసుకుంటారట, ఈ ఏడు కొత్తగా పెట్టారు. అందుకే రిజిస్టరులో కూడా ఎక్కించాలని అమ్మ..."

"నంబరు లేకుండా స్టాంపు వెయ్యకూడదు," అంది తల్లి, పద్ధతి తెలిసిన మనిషిలా. "మీ నాన్నగారు అలా ఒక్కటీ వదల్లేదు."

గోడ మీద గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. నలభై నిమిషాలు.

"మేడం," అని వీధి తలుపు అవతలి నుంచి డ్రైవరు గొంతు. "పది నిమిషాలన్నారు..."

"కుదరదు!" అని ముగ్గురిలో ఎవరు అరిచారో తెలియలేదు. తమ్ముడే అయ్యుండాలి.

కుదరదమ్మ లేచి వంటింటి గట్టు మీద రిజిస్టరు పరిచింది. ముందుకి వెళ్తే నుయ్యి, వెనక్కి వెళ్తే గొయ్యి. గుమస్తా వచ్చి 'ఇది మీదేనా' అంటే, అవునంటే తను దొంగ. కాదంటే తమ్ముడు జైలుకి, డెబ్బై రెండేళ్ల తల్లి వాడి వెనకే. ఆమె ఒక్క నిమిషం కళ్లు మూసుకుంది. ఏం చెయ్యాలో తెలుసు. తెలిసినందుకే అంత నీరసంగా ఉంది.

"విను. ఇప్పుడే బడికి పరిగెత్తు. ఆ కాగితం నువ్వే వెనక్కి తీసుకో. తప్పు కాగితం ఇచ్చాను, ఉన్నది వేరే చోట అని నీ నోటితో నువ్వే చెప్పు. నేను ఇక్కడ ఈ నంబరు కొట్టేసి, ఇది నేను చెయ్యలేదు, నేను లేనప్పుడు స్టాంపు వాడారు అని రాస్తాను. రాసి పై ఆఫీసుకి నేనే ఉత్తరం పెడతాను. ఎవరు వాడారో అడిగితే అప్పుడు చూద్దాం. సాయంత్రం పిల్లని తీసుకురా. బడి పెద్దావిడ దగ్గరికి మనం ముగ్గురం వెళ్దాం."

"ఆవిడ కాదంటే?"

"రేపు మళ్లీ వెళ్దాం. ఎల్లుండి మళ్లీ వెళ్దాం. నాకు కుదరదనిపించుకోవడం కొత్తే గానీ, అలవాటు చేసుకుంటాను."

 "తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు," అని గొణుక్కున్నాడు తమ్ముడు. అయినా లేచాడు. చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. మిఠాయి పొట్లం ఎక్కడ పెట్టాలో తెలియక తల్లి ఒళ్లో పెట్టి, వెనక సందులోంచి వెళ్లిపోయాడు. పరిగెత్తలేదు గానీ, గబగబానే నడిచాడు.

కుదరదమ్మ ఊపిరి పీల్చుకుంది. పొద్దున్నుంచి ఒక్క పని తను అనుకున్నట్టు జరిగింది. ముందుగదిలోకి వెళ్లి సొరుగులోంచి ఎర్ర సిరా పెన్ను తెచ్చుకుంది. గట్టు మీద వంగి, రెండు వందల పద్నాలుగో గడి మీద స్కేలు ఆనించింది.

"నిజంగానే రాస్తావా?" అంది తల్లి.

"రాయక?"

"ఒకే ఇంటివాళ్లు చేసుకున్నది, పనికిరాదు అని?"

"అవునమ్మా. పనికిరాదు. అది నిన్న చేసినా, వందేళ్ల కింద చేసినా పనికిరాదు. పరాయివాడు వెయ్యాల్సిన స్టాంపు సొంతవాళ్లు వేసుకుంటే అది చిత్తుకాగితం. ఇదే రూలు."

తల్లి దారం పళ్లతో కొరికి తెంపింది. చొక్కా దులిపి, మడతపెట్టి, దాని మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఆవిడ మొహంలో ఇందాకటి దర్జా లేదు. చెప్పాలా వద్దా అని ఊగిసలాడుతున్న మనిషిలా ఉంది.

"అయితే నీది కూడా కొట్టెయ్యి," అంది చివరికి.

"నాదేమిటి?"

"నువ్వు నోటరీకి అర్జీ పెట్టుకున్నప్పుడు, అర్జీతో పాటు ప్రమాణం కాగితం పెట్టాలి చూడు. గడియారాల కొట్టు మీద నోటరీ ముందు నించుని ప్రమాణం చేసి సంతకం పెట్టావు. ఆయన స్టాంపు ఇంట్లో మర్చిపోయాడని, సాయంత్రం వేయించి అర్జీతో పంపెయ్యమని కాగితం నాన్నగారి చేతికిచ్చి వెళ్లావు."

"చేయించారు. నాన్నే చెప్పారు నాకు."

"చెప్పారు." తల్లి ఆమె కళ్లలోకి చూడలేకపోయింది. "మర్నాడే గడువు. ఆయన మెట్లెక్కి వెళ్లేసరికి ఆ మనిషి తాళం వేసుకుని ఊరెళ్లాడు. నీకు చెబితే నువ్వు అర్జీ పెట్టనంటావు, అప్పటికే నీది అదే వరస. మీ నాన్నగారు రాత్రంతా నిద్రపోలేదు. పొద్దున్నే లేచి ఆయనే సంతకం పెట్టారు. స్టాంపు నేను వేశాను. ఆకుపచ్చ అట్ట రిజిస్టరు, అరవై ఎనిమిదో నంబరు. వెళ్లి చూసుకో."

కుదరదమ్మ చేతిలో ఎర్ర పెన్ను అలాగే ఉంది. అబద్ధం అనాలనుకుంది. కానీ తల్లి ఎవరి మొహం చూసీ అబద్ధం ఆడదని ఆవిడే ఇందాక చెప్పింది. ఇప్పుడు తలెత్తి కూతురి మొహంలోకే చూస్తోంది.

తను నోటరీ అయిందే చిత్తుకాగితం మీద. మరి పదిహేడేళ్లుగా వేసిన స్టాంపులు? లైసెన్సులు, పెళ్లి కాగితాలు, దత్తతలు, వందలమంది 'నేను చెప్పేదంతా నిజం' అని తన ముందు నించుని అన్న మాటలు? తను కుదరదని వెనక్కి పంపిన వాళ్లంతా?  స్కేలు జారి గట్టు మీంచి కింద పడింది, తియ్యడానికి వంగలేదు.

"ఎందుకమ్మా చెప్పావు ఇప్పుడు?" అంది. గొంతులో కోపం కూడా మిగల్లేదు.

"నువ్వు పనికిరాదు అంటుంటే, ఆయన్ని అన్నట్టు ఉందే."

వీధి తలుపు చప్పుడైంది. పన్నెండు ఇంకా కాలేదు. పావు తక్కువే. తమ్ముడు బడిలో కాగితం వెనక్కి తీసుకున్నాడో లేదో కూడా తెలియదు. డ్రైవరు ఎవరితోనో ఏదో అంటున్నాడు, బల్ల ముందు కుర్చీ జరుగుతోంది, సంచీ కింద పెట్టిన శబ్దం. తర్వాత, పద్ధతిగా, మర్యాదగా, ఒక కొత్త గొంతు.

"బడి ఆఫీసు నుంచి వచ్చానండీ. నోటరీ గారున్నారా?"

ఇన్నేళ్లలో ఆ గుమ్మంలోంచి ఆ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో. వంటింట్లో ఉన్నా, పెరట్లో ఉన్నా, ఉన్నాను వస్తున్నా అని ఒక్క కేక పెట్టేది. ఈసారి కుదరదమ్మ నోరు తెరిచింది గానీ, ఏం చెప్పాలో ఆమెకి తెలియలేదు.